లిపిడ్స్ చాప్టర్ వంటింట్లో చేసి చూడడం ఎలా: నూనె ప్యాకెట్ నుంచి బీట్‌రూట్ దాకా

ఇంటర్ బైపీసీ వాళ్లైనా, నీట్‌కి చదివేవాళ్లైనా, బీఎస్సీ బయోకెమిస్ట్రీ, బీఫార్మసీ వాళ్లైనా లిపిడ్స్, అంటే నూనెలు, కొవ్వులు, వాటి చుట్టాల చాప్టర్ దగ్గరికొచ్చేసరికి అందరూ చేసే పని ఒకటే, పాల్మిటిక్ 16, స్టియరిక్ 18, ఒలియిక్ కూడా 18 కానీ ఒక డబుల్ బాండ్ అంటూ పట్టిక బట్టీ పట్టేయడం, పరీక్ష అవగానే మర్చిపోవడం. నన్నడిగితే ఈ చాప్టర్‌లో బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ. నూనెల్లో, కొవ్వుల్లో ఉండే ఫ్యాటీ యాసిడ్‌కి కార్బన్ల గొలుసుతో ఒక తోక ఉంటుంది, ఆ తోక ఎంత పొడుగుంది, ఎన్ని చోట్ల వంగింది, ఈ రెండూ చూడడం వస్తే చాలు, నెయ్యి ఎందుకు పేరుకుంటుందో, సన్‌ఫ్లవర్ ఆయిల్ ఫ్రిజ్‌లో పెట్టినా ఎందుకు పేరుకోదో, సెల్ మెంబ్రేన్ (కణం చుట్టూ ఉండే పొర) అంత పల్చగా ఉండి కూడా ఎందుకు చిరిగిపోదో, సబ్బు తగిలితే మాత్రం ఎందుకు చిరుగుతుందో, అన్నీ దాని వెనకే వచ్చేస్తాయి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. శనివారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది, అరటిపండు ఒక్కదానికి ఇంకో రోజు పట్టొచ్చు.

కావాల్సినవి: ఇంట్లో ఉన్న నూనెలు ఎన్ని రకాలుంటే అన్ని, తలా రెండు చెంచాలు. పల్లీ నూనె, సన్‌ఫ్లవర్, పామాయిల్, కొబ్బరి నూనె, నెయ్యి ఉంటే చాలా బాగుంటుంది, నువ్వుల నూనె, ఆముదం ఉంటే ఇంకా మంచిది. ఒక గుడ్డు, ఒక గట్టి పచ్చి బీట్‌రూట్, రెండు అరటిపళ్లు, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చిన్న సీసా. గాజు గ్లాసులు ఏడెనిమిది. ఫోన్ ఎలాగూ ఉంటుంది.

స్టెప్ 1: ముందు అంకెలు చదవడం నేర్చుకోండి

18:2 అని రాసుంటే 18 కార్బన్ల తోక, అందులో 2 డబుల్ బాండ్లు అని అర్థం. 16:0 అంటే 16 కార్బన్లు, డబుల్ బాండ్ ఒక్కటీ లేదు, అంటే శాచురేటెడ్. పక్కన ఒమేగా-6 అని ఉంటే తోక చివరి కార్బన్ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆరో కార్బన్ దగ్గర మొదటి డబుల్ బాండ్ తగులుతుందని. డెల్టా 9 అని ఉంటే మాత్రం అటు చివర నుంచి, అంటే యాసిడ్ గ్రూపు ఉన్న వైపు నుంచి లెక్క. చాలామంది ఈ రెండు వైపుల దగ్గరే తికమకపడతారు, కాబట్టి లినోలియిక్ యాసిడ్ బొమ్మ ఒకసారి గీయండి, 18 చుక్కలు, డెల్టా 9, 12. ఇప్పుడు చివర నుంచి వెనక్కి లెక్కపెట్టండి, 18 లోంచి 12 తీస్తే 6. అదే ఒమేగా-6. ఇంకెప్పుడూ మర్చిపోరు.

ఫార్ములా కూడా బట్టీ వద్దు. కార్బన్లు ఎన్నో దానికి రెట్టింపు హైడ్రోజన్లు, అందులోంచి ఒక్కో డబుల్ బాండ్‌కి రెండు తీసేయండి, ఆక్సిజన్లు ఎప్పుడూ రెండే. ఒలియిక్ 18:1 కాబట్టి కార్బన్ 18, హైడ్రోజన్ 36 మైనస్ 2 అంటే 34, ఆక్సిజన్ 2. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. 18 కార్బన్ల వాళ్లనే ముగ్గురిని పక్కపక్కన నిలబెట్టి వాళ్లు కరిగే ఉష్ణోగ్రత చూడండి. స్టియరిక్ 18:0 దాదాపు 69 డిగ్రీలు. ఒలియిక్ 18:1 సుమారు 13 డిగ్రీలు. లినోలియిక్ 18:2 మైనస్ 5. పొడుగు మారలేదు, బరువు కూడా దాదాపు అంతే, ఒక్క డబుల్ బాండ్ రాగానే యాభై డిగ్రీల పైనే పడిపోయింది! ఎందుకంటే మామూలుగా ప్రకృతిలో దొరికే డబుల్ బాండ్ సిస్ రకం, అక్కడ తోక ఒక వంపు తిరుగుతుంది. సరుగుడు కర్రలు లారీలో పేరిస్తే ఒకదానికొకటి ఆనుకుని సందు లేకుండా సర్దుకుంటాయి, తుమ్మ కొమ్మలు పేర్చి చూడండి, ఎంత తొక్కినా మధ్యలో గాలే. తోకలు దగ్గరగా ఆనుకుంటే వాటి మధ్య పట్టు ఎక్కువ, విడదీయడానికి వేడి ఎక్కువ కావాలి. వంగిన తోకలకి ఆ పట్టు దొరకదు, అందుకే చల్లదనంలో కూడా కదులుతూనే ఉంటాయి. ఈ ఒక్క పేరా అర్థమైతే మిగతా స్టెప్పులన్నీ దీన్ని చేత్తో చూసుకోవడమే.

స్టెప్ 2: నూనె ప్యాకెట్ తిప్పి వెనక చూడండి

న్యూట్రిషన్ టేబుల్‌లో శాచురేటెడ్, మోనో అన్‌శాచురేటెడ్, పాలీ అన్‌శాచురేటెడ్, ట్రాన్స్ అని ఉంటాయి, మోనోని మన వాళ్లు ముఫా అని, పాలీని పుఫా అని అంటారు. ముందు ఒకటి గమనించండి, టేబుల్ 100 గ్రాములకా 100 మిల్లీలీటర్లకా అని. నూనె నీళ్లకన్నా తేలిక, లీటరు సుమారు 910 గ్రాములే తూగుతుంది, కాబట్టి ఒక ప్యాకెట్ గ్రాముల్లో, ఇంకోటి మిల్లీలీటర్లలో ఇస్తే నేరుగా పోల్చకూడదు.

ఇక్కడ ఒక సరదా లెక్క ఉంది, ఏ ట్యూషన్‌లోనూ ఎవరూ చేయించరు. అయోడిన్ వాల్యూ అని చదువుకుంటాం కదా, 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్ పట్టుకుంటుందో ఆ సంఖ్య. అయోడిన్ వెళ్లి కూర్చునేది డబుల్ బాండ్ల దగ్గరే కాబట్టి అది వంపుల లెక్క అన్నమాట. ల్యాబ్‌లో దీనికి టైట్రేషన్ చేయాలి, కానీ ప్యాకెట్ మీద అంకెలతో ఇంట్లో కూర్చునే సుమారుగా రాబట్టొచ్చు. పూర్తిగా ఒలియిక్‌తో చేసిన కొవ్వు అయోడిన్ వాల్యూ 86, పూర్తిగా లినోలియిక్‌తో చేసినది 173. కాబట్టి 100 గ్రాములకి ఇచ్చిన ముఫాని 0.86 తో, పుఫాని 1.73 తో గుణించి కూడండి.

సన్‌ఫ్లవర్ చూద్దాం, ముఫా 27, పుఫా 61 అనుకుంటే 23 ప్లస్ 105, అంటే 128 పైన. పుస్తకాల్లో సన్‌ఫ్లవర్‌కి 118 నుంచి 141 అని ఉంటుంది, సరిగ్గా మధ్యలో పడింది. పల్లీ నూనె ముఫా 48, పుఫా 32 వేసుకోండి, 97 దగ్గర వస్తుంది, పుస్తకంలో 86 నుంచి 107. పామోలిన్ (ప్యాకెట్లలో వచ్చే పామాయిల్) 43, 11 వేస్తే 56. కొబ్బరి నూనె 6, 2 వేస్తే తొమ్మిదికి కూడా రాదు. నెయ్యి 30 చుట్టుపక్కల. మీ ప్యాకెట్ల మీద అంకెలు కొంచెం అటూఇటూగా ఉంటాయి, వాటితోనే చేయండి, నావి కాపీ కొట్టకండి. అవిసె గింజల నూనెకి మాత్రం ఈ లెక్క తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే దాని పుఫాలో ఎక్కువ భాగం మూడు డబుల్ బాండ్ల 18:3.

వచ్చిన సంఖ్యల్ని ఎక్కువ నుంచి తక్కువకి ఒక కాగితం మీద వరసగా రాసి పక్కన పెట్టుకోండి. ఇది మీ జోస్యం, ఏ నూనె ముందు గడ్డకడుతుందో చెప్పే జోస్యం. తర్వాత స్టెప్‌లో అది నిజమవుతుందో లేదో చూస్తారు, ఒక చోట తప్పుతుంది, కావాలనే ముందు చెప్పట్లేదు ఎక్కడో.

స్టెప్ 3: రాత్రికి ఫ్రిజ్

చిన్న గాజు గ్లాసుల్లో తలా రెండు చెంచాల నూనె పోసి పేర్లు రాసి అతికించండి. గ్లాసులు పొడిగా ఉండాలి, తడి ఉంటే ఆ నీటి వల్ల మసక కనిపించి నూనే పేరుకుందనుకుంటారు. ముందు ఒక గంట బయటే వదిలి ఒక ఫోటో తీయండి, తర్వాత ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. పనిలో పనిగా ఒక అరటిపండు కూడా లోపల పెట్టేయండి, రెండోది బయటే ఉంచండి, దాని సంగతి తర్వాత. మొదటి గంట పదిహేను నిమిషాలకోసారి చూస్తే ఎవరు ముందు పేరుకుంటున్నారో తెలుస్తుంది, ఓపిక లేకపోతే పొద్దున్నే చూడండి.

మామూలుగా ఏం కనిపిస్తుందంటే, కొబ్బరి నూనె, నెయ్యి రాయిలా అయిపోతాయి. పామాయిల్ తెల్లగా మసకబారి చాలావరకు ముద్దవుతుంది. పల్లీ నూనె చిక్కబడి మబ్బు పట్టినట్టవుతుంది, అందులో 20, 22, 24 కార్బన్ల పొడుగాటి శాచురేటెడ్ తోకలు కొద్దిగా ఉంటాయి, ముందు చేతులు కలిపేది అవే. సన్‌ఫ్లవర్ తేటగానే ఉంటుంది. ఆముదం గడ్డకట్టదు కానీ కదలదు కూడా, దాని కథ వేరు, 85-90 శాతం రిసినోలియిక్ యాసిడ్, 18:1 యే కానీ పన్నెండో కార్బన్ మీద ఒక ఓహెచ్ గ్రూపు అదనంగా ఉంటుంది, ఆ ఓహెచ్‌లు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బాండ్లతో పట్టుకుంటాయి, జిగురంతా అందుకే.

ఇప్పుడు గ్లాసులన్నీ బయట పెట్టి కరిగే వరస చూడండి. మీ కాగితం ప్రకారం అందరికన్నా ఆఖరున కరగాల్సింది కొబ్బరి నూనె, అయోడిన్ వాల్యూ దానికే అతి తక్కువ కదా, తొంభై శాతం దాకా శాచురేటెడ్. నెయ్యి అరవై, అరవై ఐదు శాతమే. కానీ కొబ్బరి నూనె 24-25 డిగ్రీలకే నీళ్లలా కరిగిపోతుంది, నెయ్యి ఇంకా పూసపూసగా కూర్చునే ఉంటుంది, ముప్పై దాటాక గానీ పూర్తిగా లొంగదు. జోస్యం తప్పింది ఇక్కడే! ఎందుకంటే మనం వంపులు లెక్కపెట్టాం గానీ పొడుగు లెక్కపెట్టలేదు. కొబ్బరి నూనెలో సగం దాకా లారిక్, 12:0, పొట్టి తోక. తోక నిటారుగా ఉన్నా పొట్టిదైతే పక్కవాడితో ఆనుకునే చోటు తక్కువ. నెయ్యిలో ఎక్కువ భాగం 16, 18 కార్బన్ల పొడుగువి (ఆ కమ్మటి వాసనకి కారణాల్లో ఒకటైన నాలుగు కార్బన్ల బ్యుటిరిక్ కొంచెమే ఉంటుంది). పొడుగు, వంపు, ఈ రెండూ కలిపి చూడాలని నేను మొదట్లో అన్నది దీనికే.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, లారిక్ యాసిడ్ 44 డిగ్రీలకి కదా కరిగేది, కొబ్బరి నూనె 24కే ఎలా కరిగిందని. మంచి ప్రశ్న. నూనెలో ఫ్యాటీ యాసిడ్లు విడిగా ఉండవు, మూడేసి చొప్పున గ్లిసరాల్ అనే చిన్న మాలిక్యూల్‌కి కట్టేసి ట్రైగ్లిజరైడ్లుగా ఉంటాయి, అందులోనూ రకరకాల తోకలు కలగాపులగంగా ఉంటాయి, కలగాపులగం ఎప్పుడూ స్వచ్ఛమైన దానికన్నా ముందే కరుగుతుంది.

ఇంకో మాట. ఫ్రిజ్‌లో గడ్డకడితే అసలు నూనె, కట్టకపోతే కల్తీ అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, నమ్మకండి. ఈ పరీక్ష తోకల సంగతి చెప్తుంది గానీ కల్తీ సంగతి చెప్పదు.

స్టెప్ 4: వనస్పతి (దీన్ని చదివితే చాలు, చేయక్కర్లేదు)

వనస్పతి చేయడానికి నూనెకి నికెల్ సమక్షంలో హైడ్రోజన్ సగం సగం ఎక్కిస్తే కొన్ని డబుల్ బాండ్లు పోతాయి, మిగిలిన వాటిలో కొన్ని సిస్ నుంచి ట్రాన్స్‌కి తిరుగుతాయి. ట్రాన్స్‌లో డబుల్ బాండ్ ఉన్నా వంపు ఉండదు, తోక దాదాపు నిటారే. ఒలియిక్, ఎలైడిక్ రెండూ 18:1 యే, రెండూ డెల్టా 9 యే, ఒకటి సిస్, ఒకటి ట్రాన్స్, అంతే తేడా, మొదటిది 13 డిగ్రీలకి కరిగితే రెండోది 45 దగ్గర. ఈ ట్రాన్స్ కొవ్వు ఒంట్లోకి వెళ్తే చెడ్డ కొలెస్ట్రాల్ పెంచి మంచి కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది. మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం మించకూడదంది. బేకరీ సరుకుల ప్యాకెట్ మీద ఆ వరస ఒకసారి చూసే అలవాటు చేసుకోండి.

స్టెప్ 5: గుడ్డుసొనతో తల ఎక్కడుందో కనిపెట్టండి

ఇప్పటిదాకా చూసిందంతా ట్రైగ్లిజరైడ్. దానితో మెంబ్రేన్ కట్టలేం. ఎందుకో చూడాలంటే రెండు మూత సీసాలు తీసుకోండి. రెండింట్లోనూ నాలుగు చెంచాల నీళ్లు, రెండు చెంచాల నూనె. రెండో దాంట్లో మాత్రం పచ్చసొన ఒక చెంచా కలపండి. మూతలు బిగించి రెండూ ఒకేలా ఒక నిమిషం బాగా ఊపి బల్ల మీద పెట్టండి. మొదటి దాంట్లో నూనె నిమిషాల్లోనే పైకి తేలి విడిపోతుంది, రెండోది మజ్జిగలా తెల్లగా అలాగే ఉండిపోతుంది.

పచ్చసొనలో ప్రోటీన్లతోపాటు ఫాస్ఫోలిపిడ్లు దండిగా ఉంటాయి, ముఖ్యంగా లెసిథిన్. ట్రైగ్లిజరైడ్‌లో గ్లిసరాల్‌కి మూడు తోకలు, ఫాస్ఫోలిపిడ్‌లో రెండే తోకలు, మూడో చోట ఫాస్ఫేట్ ఉన్న తల. తలకి నీళ్లంటే ఇష్టం, తోకలకి పడదు. నూనె బొట్టు చుట్టూ తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి నిలబడితే బొట్లు మళ్లీ కలవలేవు. చాక్లెట్, బిస్కెట్ ప్యాకెట్ మీద ఎమల్సిఫయర్ 322 అని ఉంటుంది చూడండి, అది ఈ లెసిథినే, ఎక్కువగా సోయా నుంచి తీసింది.

నూనె లేకుండా ఉత్త నీళ్లలో ఫాస్ఫోలిపిడ్లని వదిలితే ఏం చేస్తాయి? తోకలు దాచుకోవాలి, రెండు తోకలుండడం వల్ల మాలిక్యూల్ లావుగా స్తంభంలా ఉంటుంది, గుండ్రటి బంతిలో ఇమడదు, కాబట్టి రెండు వరసలుగా తోకలు ఎదురెదురుగా పెట్టుకుని పొరగా పరుచుకుంటాయి. అదే బైలేయర్. ఎవరూ కట్టక్కర్లేదు, దానంతటదే. సబ్బు మాలిక్యూల్‌కి ఒకటే తోక, తల వైపు వెడల్పు, తోక వైపు సన్నం, అది బంతిగా, అంటే మిసెల్‌గా ముడుచుకుంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి, బీట్‌రూట్ దగ్గర పనికొస్తుంది.

స్టెప్ 6: పొర మందం కాగితం మీద లెక్కకట్టండి

దీనికి పెన్ను చాలు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లో క్లాఫమ్ కామన్ చెరువులో ఒక టీస్పూన్ నూనె పోస్తే అది పరుచుకుంటూ పోయి అరెకరం మేర నీళ్లని అద్దంలా చేసిందని 1774లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు వేసుకోండి, అరెకరం అంటే సుమారు 2000 చదరపు మీటర్లు. ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే మందం, చేసి చూడండి, 2.5 నానోమీటర్లు వస్తుంది. 18 కార్బన్ల తోక చాపితే దాదాపు అంతే పొడుగు! ఫ్రాంక్లిన్ ఈ భాగహారం చేయలేదు పాపం, చేసుంటే మాలిక్యూల్ సైజు అప్పుడే తెలిసేది. తర్వాత జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే ఆవిడ, యూనివర్సిటీ చదువు లేదు, ఇంటి వంటగదిలోనే రేకు తొట్టి పెట్టుకుని నీటి మీద ఇలాంటి పొరల్ని కొలిచింది, ఆ సంగతులు రాసిన ఉత్తరం 1891లో నేచర్ పత్రికలో వచ్చింది. వంటింట్లో లిపిడ్ కెమిస్ట్రీ ఏంటని ఎవరైనా నవ్వితే ఈవిడ పేరు చెప్పండి.

1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోంచి లిపిడ్లన్నీ తీసి నీటి మీద ఒకే పొరగా పరిచి కొలిస్తే కణాల ఉపరితల వైశాల్యానికి రెట్టింపు వచ్చింది, అంటే మెంబ్రేన్‌లో రెండు పొరలున్నాయని తేల్చారు. తమాషా ఏంటంటే వాళ్లు లిపిడ్‌ని పూర్తిగా తీయలేకపోయారు, కణం వైశాల్యాన్నీ తక్కువగా లెక్కేశారు, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చింది. సరిగ్గా అదే 1925లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని నీలం రంగుతో కొలిచే పద్ధతి అచ్చువేశారు. ఫాస్ఫోలిపిడ్ ఎంతుందో తెలియాలంటే దాన్ని యాసిడ్‌లో కాల్చి బయటికొచ్చిన ఫాస్ఫేట్‌ని కొలుస్తారు, ఆ కొలతకి ఇప్పటికీ మూలం ఫిస్కే-సుబ్బారావు పద్ధతే. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మీరు చేసే ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ అదే, రికార్డులో పేరు ఉత్తినే రాసి వదిలేయకండి.

స్టెప్ 7: బీట్‌రూట్, అసలు ప్రయోగం

దీనికి టైం తీసుకోండి. బీట్‌రూట్ ఎర్ర రంగు పేరు బెటనిన్, కణం లోపల వాక్యూల్ అనే సంచిలో ఉంటుంది. అది బయటికి రావాలంటే రెండు మెంబ్రేన్లు దాటాలి, వాక్యూల్ చుట్టూ ఉన్న టోనోప్లాస్ట్, కణం చుట్టూ ఉన్న ప్లాస్మా మెంబ్రేన్. మెంబ్రేన్లు బాగుంటే రంగు లోపలే. చిరిగితే నీళ్లు ఎర్రబడతాయి. అంటే కంటికి కనిపించని మెంబ్రేన్‌కి రంగు రూపంలో మీటర్ దొరికినట్టే.

చెక్కు తీసి ఒక సెంటీమీటర్ ముక్కలుగా, వీలైనంత ఒకే సైజులో కోయండి. తర్వాత చేసే పని చాలా ముఖ్యం, దీన్ని వదిలేస్తే ప్రయోగం మొత్తం వేస్ట్: ముక్కల్ని జల్లెడలో వేసి కుళాయి కింద నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడగండి, ఆ తర్వాత పది నిమిషాలు నీళ్లలో వదిలి ఆ నీళ్లు కూడా పారబోయండి. కత్తి తగిలిన కణాలు ఎలాగూ పగిలాయి, ఆ రంగు ముందే పోవాలి. ఏడు వాటాలు చేయండి, వాటాకి మూడు ముక్కలు. ఒక వాటా ముందురోజు రాత్రే కోసి, కడిగి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి.

ప్రతి గ్లాసులో పది టీస్పూన్ల ద్రవం, అంటే 50 మిల్లీలీటర్లు. ఒకటో దాంట్లో మామూలు నీళ్లు, ఇది పోల్చుకోవడానికి. రెండు, మూడు వేడి కోసం: థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, మరిగే నీళ్లు ఒక వంతు, 30 డిగ్రీల కుళాయి నీళ్లు రెండు వంతులు కలిపితే 53 డిగ్రీలు, సగం సగం కలిపితే 65, గిన్నె కొంత లాగేసుకుంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకోండి. ఆ వేడి నీళ్లలో ముక్కల్ని రెండు నిమిషాలు ఉంచి చెంచాతో తీసి మామూలు నీళ్ల గ్లాసులో వేయండి. మరీ మరిగించి వదిలేయకండి, ఎక్కువసేపు వేడి తగిలితే బెటనినే చెడిపోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, అప్పుడు రంగు తక్కువొచ్చిందని పొరబడతారు. నాలుగో దాంట్లో ఫ్రీజర్ ముక్కలు. ఐదులో సర్జికల్ స్పిరిట్, స్టవ్ ఆపేసి దూరంగా పెట్టండి, అది భగ్గున అంటుకునే సరుకు. ఆరులో నీళ్లు, అందులో గిన్నెల లిక్విడ్ ఒక చెంచా. బట్టల సబ్బు వాడకండి, క్షారం ఎక్కువైతే ఎరుపు పసుపులోకి మారిపోతుంది. ఏడులో అర చెంచా ఉప్పు కలిపిన నీళ్లు.

ఇరవై నిమిషాలయ్యాక అన్నీ ఒకసారి మెల్లగా కదిపి, వెనక తెల్ల కాగితం పెట్టి ఒకే వెలుతురులో ఒకే ఫోటోలో తీయండి. విడివిడిగా తీస్తే ఫోన్ కెమెరా తనకి నచ్చినట్టు వెలుతురు సర్దేస్తుంది, పోల్చలేరు. గంటయ్యాక ఇంకోటి.

ఇప్పుడు చదువుదాం. ఒకటో గ్లాసు దాదాపు తేటగా ఉండాలి, అది ఎర్రబడితే సరిగా కడగలేదని అర్థం, మళ్లీ మొదలుపెట్టండి. 53 దగ్గర కొంచెమే, 65 దగ్గర బాగా రంగు. వేడికి లిపిడ్ తోకలు మరీ వదులవుతాయి, దాంతోపాటు మెంబ్రేన్‌లో ఉండే ప్రోటీన్లు కూడా విచ్చుకుపోయి చెడతాయి, పరీక్షలో ఒక్కటే రాస్తే సగం మార్కులే, రెండూ రాయండి. ఫ్రీజర్ ముక్కలు అందరికన్నా ఎక్కువ వదులుతాయి చాలాసార్లు, చలికి లోపల నీరు మంచు స్ఫటికాలై పొరల్ని చీల్చేసింది, గడ్డకట్టిన కూరగాయలు కరిగాక వడలిపోయి నీళ్లు కారడం ఇదే. స్పిరిట్ లిపిడ్ల సర్దుబాటునీ ప్రోటీన్లనీ రెండింటినీ పాడుచేస్తుంది. లిక్విడ్ గ్లాసులో ఆ ఒంటితోక మాలిక్యూల్స్ వెళ్లి రెండుతోకల వాళ్ల మధ్య ఇరుక్కుని, పొరని ముక్కలుగా లాగి మిసెల్స్‌లో కట్టుకుపోతాయి, రంగు మెల్లగా వస్తుంది కాబట్టి గంట ఫోటోలో చూడండి. 2020లో సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగమన్నదీ ఈ లెక్కే, కరోనా వైరస్ చుట్టూ ఉన్నది కూడా లిపిడ్ పొరే.

ఉప్పు గ్లాసు దగ్గర చాలామంది తడబడతారు. ముక్కలు మెత్తబడి వంగుతుంటాయి కానీ నీళ్లలో రంగు పెద్దగా ఉండదు. మెంబ్రేన్ చిరగలేదు. నీళ్లు బయటికి వెళ్లిపోయాయి, రంగు లోపలే ఆగిపోయింది. నీటిని పోనిచ్చి బెటనిన్‌ని ఆపింది చూశారా, సెలెక్టివ్ పర్మియబిలిటీ అని నిర్వచనం రాస్తారే, అది ఈ ఒక్క గ్లాసులో ఉంది.

స్టెప్ 8: అరటిపండు బయటికి తీయండి

ఫ్రిజ్‌లో పెట్టినది ఒకటి రెండు రోజుల్లో తొక్క నల్లబడుతుంది, బయటిది పసుపుగానే ఉంటుంది. గడ్డకట్టలేదు, మంచు లేదు, మరెందుకు? ఉష్ణ ప్రాంతపు పండు, దాని మెంబ్రేన్లలోని తోకలు మన వాతావరణానికి సరిపోయేలా ఉంటాయి, సుమారు 13 డిగ్రీల కిందికి వెళ్తే అవి బిగుసుకుని పొర కారడం మొదలవుతుంది, విడివిడి గదుల్లో ఉండాల్సిన ఫీనాల్స్, వాటిని నల్లగా మార్చే ఎంజైమ్ కలిసిపోతాయి. చలిలో బతికే జీవులు దీనికి ఉపాయం చేసుకున్నాయి, ఈకోలి బ్యాక్టీరియాని చల్లగా పెంచితే వంపు తోకలు ఎక్కువ చేసుకుంటుంది, రెయిన్‌డీర్ కాళ్లలో గిట్టల వైపు వెళ్లేకొద్దీ అన్‌శాచురేటెడ్ పెరుగుతుంది. మన కణాలు ఇంకో ఏర్పాటు పెట్టుకున్నాయి, కొలెస్ట్రాల్. వేడిలో తోకల్ని మరీ ఊగనివ్వదు, చలిలో మరీ ఆనుకోనివ్వదు. కొలెస్ట్రాల్ అనగానే గుండెపోటు ఒక్కటే గుర్తొస్తే కష్టం. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనా సంస్థలో అమితాబ చటోపాధ్యాయ్ బృందం సెరటోనిన్ రిసెప్టర్ (మెంబ్రేన్‌లో ఉండి సెరటోనిన్ సందేశాన్ని అందుకునే ప్రోటీన్) సరిగా పనిచేయడానికి చుట్టూ మెంబ్రేన్‌లో కొలెస్ట్రాల్ ఎంత అవసరమో అన్నదాని మీద ఏళ్ల తరబడి పని చేసింది, పైచదువుల ఆలోచన ఉన్నవాళ్లు వాళ్ల పేపర్లు వెతికి చదవండి.

చివరగా సర్దుకోవడం

ఫ్రిజ్‌లో పెట్టిన నూనెలు పాడవవు, కరిగాక వంటకి వాడుకోవచ్చు. పుఫా ఎక్కువున్న సీసాని మాత్రం కిటికీ వెలుతురులో, స్టవ్ పక్కన ఉంచకండి, రెండు డబుల్ బాండ్ల మధ్య ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది, ఆక్సిజన్ అక్కడే పట్టుకుంటుంది, వాసన మారడం అలాగే మొదలవుతుంది. నీళ్లు, వేడి, ఫ్రీజర్, ఉప్పు గ్లాసుల్లోని బీట్‌రూట్ ముక్కలు కూరలో వేసేసుకోండి, ఉప్పు చూసుకుని వేయండి. స్పిరిట్‌లో, లిక్విడ్‌లో వేసినవి మాత్రం చెత్తలోకే, సర్జికల్ స్పిరిట్ ఒక్క చుక్క కూడా నోట్లోకి వెళ్లకూడదు, ఆ గ్లాసులు రెండుసార్లు తోమండి.